జానపదం అని రాసింది నేనే

మా చిన్నమ్మ పాట క్యాసెట్‌లో వచ్చిందని తెలిసి ముందు సంబరపడ్డది నేనే. జిన్నారం దగ్గర మా ఊళ్లో నాట్లు వేసేటప్పుడు ఆమె పాడితే మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. ఏడేళ్ల కూతురు కామెర్లతో చనిపోయాక ఆ దుఃఖంలో కట్టిన పాట అది. ప్రతి చరణం చివరా ఆ పిల్లను పేరు పెట్టి పిలుస్తుంది. బావి దిక్కు పోకు, పొద్దు గూకుతోంది, అన్నం చల్లారుతోంది రా, అని. ఒకసారి పట్నం నుంచి ఎవరో టేపు రికార్డరుతో వచ్చి ఆ పాట పాడించుకుని పోయాడు. మేమే చాయ్ పోసి సాగనంపాం.

పటాన్‌చెరు బస్టాండు ముందు దుకాణంలో ఆ క్యాసెట్ మోగుతుంటే చిన్నమ్మను నిలబెట్టి వినిపించాను. పాడుతున్నది వేరే ఎవరో. పిల్ల పేరు రావాల్సిన చోటల్లా 'బంగారు బొమ్మ' అని వస్తోంది. చిన్నమ్మ మొహం చూశాక నా సంబరం అక్కడికక్కడే చచ్చిపోయింది.

"దాని పేరేది? దాని పేరు తీసేసి బొమ్మ అని పెట్టిండ్రేంది రా?"

ఆమెకు కావలసింది అదొక్కటే. ఆ పేరు మళ్లీ పాటలోకి రావాలి.

సంగారెడ్డి కోర్టులో పేదవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తారని నేను పనిచేసే ఫ్యాక్టరీలో ఒకాయన చెప్పాడు. అక్కడ మాకు దొరికిన వకీలమ్మ మంచి మనిషి. తన టిఫిన్ డబ్బాలోంచి తీసి చిన్నమ్మకు రొట్టె కూడా పెట్టింది. "పాట సంగతంతా తెలుగులో రాసుకురా, క్యాసెట్ వాళ్లకు పంపే నోటీసుకు జత చేస్తాను" అని నాతో అంది.

ఇంటర్ చదివాను, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని నాకు నేనే మురిసిపోయే రోజులవి. "పాట నీదే అని రాయనా?" అని అడిగితే చిన్నమ్మ సిగ్గుపడింది.

"నాది నాది అంటే ఏం మంచిగుంటది? అందరం పాడుకుంటిమి. మనూరిదని రాయి."

మా దగ్గర పాట కట్టినవాళ్లు అది తమదని చెప్పుకోరు. చెప్పుకుంటే ఎంత గొప్పలు పోతోంది చూడు అంటారు. ఆమె మాటకు నేను ఇంకాస్త నగిషీ చెక్కి, 'ఇది మా ఊరి జానపద గీతం' అని మొదటి వాక్యం రాశాను. ఆ రోజు వకీలమ్మకు ఇంకో కేసు పిలుపు వచ్చింది. హడావుడిలో చదవకుండానే జత చేసి పంపింది.

నెల తర్వాత క్యాసెట్ వాళ్ల జవాబు వచ్చింది. వకీలమ్మ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"జానపదమంటే ఎవరిదీ కాదంటున్నారయ్యా వాళ్లు. నీ వాక్యాన్నే ఎత్తి రాశారు. చదవకుండా పంపడం నా తప్పు."

పాట చిన్నమ్మే కట్టిందని చెప్పే సాక్షులుంటే ఇంకా కొట్లాడవచ్చంది. నాట్లు వేసిన పొలాలు అప్పటికే ఫ్యాక్టరీల ప్రహరీల లోపలికి పోయాయి. ఆ ఆడవాళ్లను షిఫ్టు దిగే వేళ గేట్ల దగ్గర పట్టుకుని ఒక్కొక్కరినే అడిగాను. ఎవరూ కాదనలేదు. "అయ్యో, ఎందుకు చెప్పం? గది మనూరి పాటనే గదా!" అని ప్రేమగా అన్నారు. పాట కట్టిందెవరంటే, "అందరం గల్సి పాడినం" అన్నారు. వాళ్ల మీద నాకు ఒళ్లు మండింది. నేను చేసిన నిర్వాకం మరిచిపోయి వాళ్ల మీద మండిపడ్డాను.

ఇక లాభం లేదని వకీలమ్మ ఫైలు మూసిన రోజు, తిరుగు బస్సులో కంది ఊరు దాటాక చిన్నమ్మ అడిగింది.

"కొడుకా, నువ్వు రాసిన కాయితంల దాని పేరు రాసినవా?"

రాయలేదు. 'మరణించిన కుమార్తె' అని రాశాను. కోర్టు కాగితంలో అలా ఉంటేనే మర్యాద అనుకున్నాను. నా మొహం చూసి ఆమెకు అర్థమైంది.

"ఇగ ఏడ రాయకు బిడ్డా. రాస్తే అది గూడ అందరిదైతది."

తర్వాత ఆమె ఆ పాట పాడగా నేను వినలేదు. చిన్నమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆ పిల్లను తలుచుకునేవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. ఇది రాస్తూ ఆ పేరు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ కొట్టేశాను.