అచ్చు కాని కథను మెచ్చుకున్న మనిషి

దెయ్యాలు, ఆత్మలు అంటే మా అమ్మగారింట్లో ఎవరికీ నమ్మకం లేదు. నాకైతే అసలు లేదు. ఇలాంటి అనుభవాలు ఎవరైనా చెబుతుంటే మర్యాదకు వినేదాన్ని గానీ, మనసులో మాత్రం కట్టుకథే అనుకునేదాన్ని. ఇది చదివి మీరూ అలాగే అనుకుంటే నాకు కోపం రాదు.

మార్కాపురంలో మాకు చిన్న దుకాణం ఉంది. మా ఆయన మ్యాచింగ్ బ్లౌజు ముక్కలు అమ్ముతారు. నేను చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేస్తాను. మధ్యాహ్నం బేరాలు ఉండవు. ఆ వేళల్లో ఫోనులోనే కథలు రాసుకుంటాను. అచ్చయ్యేదాకా వాటిని మా ఆయనకు కూడా చూపించను. అచ్చు కాకపోతే ఇద్దరికీ ఇబ్బంది.

నిరుడు ఎండలు ముదిరే ముందు ఒక మాసపత్రికకు కథ పంపాను. కరువులో మేకల మందను అమ్ముకునే కొండమ్మ అనే మనిషి కథ. చివర్లో మందంతా బండెక్కి పోతుంది, ఆమె ఖాళీ దొడ్డిలో నిలబడి ఉంటుంది. అదీ నేను రాసిన ముగింపు.

కథ అందిందని, ఎంపికైతే తామే తెలియజేస్తామని, ఈలోగా ఫోన్లు చేయవద్దని జవాబు వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఒక చీర అంచు అయిపోగానే ఫోను చూడటం, ఇంకో చీర తీసుకోవడం. రాయడం కంటే ఈ ఎదురుచూపే ఎక్కువ అలసట.

"ఏందే, పొయ్యి మీద పాలా అది, మాటిమాటికి చూసేదానికి?" అనేవారు మా ఆయన.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఒకామె నేతచీర తెచ్చింది. పల్లెటూరి మనిషి, గడ్డం మీద పచ్చబొట్టు ఉంది. నేను మిషను మీద చీర పెట్టీ పెట్టగానే కరెంటు పోయింది. కరెంటు వచ్చేదాకా కూర్చోమన్నాను. మా ఆయన మంచినీళ్లిచ్చి ఏ ఊరని అడిగారు. పెద్దారవీడు అవతల కొండ కింద పల్లె పేరు చెప్పింది. తన పేరు తిరపతమ్మ అని, మేకలు మేపుతానని చెప్పింది.

నీళ్లు తాగి, ఉన్నట్టుండి అంది.

"మేకల కథ రాసింది నువ్వే గదా అక్కా?"

నా గుండె ఒక్కసారి ఎగిరింది. కథ అచ్చయిందన్నమాట, నాకు చెప్పడం మరిచిపోయారన్నమాట. ఎక్కడ చదివావని అడిగాను.

"నాకు సదువేడుంది? సదివితే ఇన్నా. ఆఖర్న ఆ కొండమ్మ బొల్లి మేకను బండెక్కనీకుండా మెడకు కొంగు చుట్టి లాక్కుంటది సూడు, ఆడ ఏడుపొచ్చినాది నాకు."

అలా అంటూనే కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నా కథలో బొల్లి మేక లేదు. నన్నడగకుండా ముగింపు మార్చేశారని ఆ పత్రికవాళ్ల మీద కోపం వచ్చింది. ఇంతలో కరెంటు వచ్చింది. పీకో చేసిచ్చాను, ఆమె వెళ్లిపోయింది.

మా ఆయన వెంటనే బస్టాండుకు పోయి ఆ నెల పత్రిక కొనుక్కొచ్చారు. అందులో నా కథ లేదు. ఫోన్లు చేయవద్దన్నా చేశాను. అటువైపు మాట్లాడినాయన విసుక్కోకుండా వెతికి చూశారు.

"మీ కథ ఇంకా తెరవలేదమ్మా. వంతు రాలేదు" అన్నారు.

వానాకాలంలో ఒక్క వాక్యం జవాబు వచ్చింది, స్వీకరించలేకపోతున్నామని. బాధపడ్డాను, అలవాటైన బాధే. కానీ కథను పక్కన పెట్టేయలేకపోయాను. కొండమ్మ అనుకుంటే చాలు, కొంగు చుట్టిన బొల్లి మేక కనిపించేది. ఒకరోజు కూర్చుని ముగింపు అలాగే మార్చి రాశాను. వేరే పత్రికకు పంపితే వెంటనే తీసుకున్నారు. చలికాలంలో అచ్చయింది.

మా ఆయన అప్పుడు చదివారు.

"ఆ యమ్మ ఆ పొద్దు చెప్పింది ఇదే గదా. సరుకు ఆమెది, పేరు నీది. ఒక పుస్తకమన్నా ఇచ్చొద్దాం పా" అన్నారు.

ఆదివారం బండి మీద ఆ పల్లెకు వెళ్లాం. టీ హోటలు దగ్గర అడిగితే తిరపతమ్మ ఇల్లు చూపించారు. దొడ్డిలో రెండు మేకపిల్లలకు ఆకు వేస్తోంది. అదే ముఖం, గడ్డం మీద అదే పచ్చబొట్టు. "ఆమే" అన్నారు మా ఆయన మెల్లగా.

ఆమె మాత్రం మమ్మల్ని గుర్తుపట్టలేదు.

"మార్కాపురంలో మీ దుకాణానికి నేనెప్పుడొచ్చినా అక్కా? మాకు గుడ్డయినా గుగ్గిలమైనా పెద్దారవీడులోనే. కథేంది?"

అయినా మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. వచ్చినందుకు చదివి వినిపించాను. ఎవరి సంగతో విన్నట్టు ఆకు తుంచుతూనే వింది. బొల్లి మేక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"బొల్లిది నాకూ ఉండె. పోయిన ఎండాకాలం మా ఆయనకు ఆపరేషనంటే, మందతో పాటు దాన్నీ బండెక్కించినా. ఎక్కనని కాళ్లు తన్నిపెట్టినాది. నేనే తోసినా."

తెలియక రాశానమ్మా అన్నాను.

"దాందేముంది? నువ్వన్నా ఉంచుకోనిచ్చినావు గదా. ఉండనీలే" అంది. పుస్తకం తీసుకుని, ఆ మాటలు ఏ కాగితంలో ఉన్నాయో చూపించమంది. చూపిస్తే దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది. ఆ రోజు ఆమె ఏడవలేదు.

తిరిగి వస్తూ దారిలో ఇద్దరం ఇదే మాట్లాడుకున్నాం. అలాంటి పోలికలున్న మనిషి ఇంకొకరు అనుకుందామంటే, ఊరూ పేరూ ఆమే చెప్పింది. వచ్చి మరిచిపోయింది అనుకుందామంటే, అప్పటికి ఆ ముగింపు నేను రాయనే లేదు. దెయ్యం అనుకుందామంటే, మనిషి బతికే ఉంది, మాకు మజ్జిగ పోసింది.

నాకు తోచిన దారులు ఇంతే. ఏదీ పోయి ఎక్కడా చేరలేదు. కథ కింద నా పేరే ఉంది. ఆ ముగింపు ఎవరిదని అడిగితే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.