సోంబరు వయొలిన్లు

ఒక్క మనిషి, ఒక్క క్యాసెట్‌తో, నోరు విప్పకుండా హుజూరాబాద్ బజారు మొత్తాన్ని పొద్దున్నే బంద్ పెట్టించగలడా? పెద్ద పెద్ద నాయకులకే ముందుగా కరపత్రాలు పంచితే తప్ప సాధ్యం కాని పని అది. నేను చేశాను. అప్పట్లో సంగీతంలో నన్ను మించినవాడు కరీంనగర్ జిల్లాలోనే లేడని గట్టి నమ్మకం ఒకటి ఉండేది. అది నాకు తప్ప ఇంకెవరికీ లేకపోవడం వల్ల దాని బరువంతా నేనొక్కణ్ణే మోయాల్సి వచ్చేది.

తొంభైల చివరి మాట. కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి పోవాలి. దానికి ఏసీ, మాకు ఫ్యాను. అందులో పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించుకున్నాను. తెరమీద గళ్లుంటాయి, గళ్లలో గీతలు పెట్టుకుంటూ పోతే అది వాయిస్తుంది. కాకపోతే వయొలిన్ వాయించమంటే చెవి దగ్గర దోమ తిరిగినట్టు వాయించేది. నిజమైన వాద్యకారులతో ఒక్కొక్క స్వరమూ వాయింపించి, రికార్డు చేసి, సీడీల్లో అమ్ముతారనీ, వాటిని లైబ్రరీలంటారనీ ఒక పత్రికలో చదివాను. లైబ్రరీ కొనాలని ఇంట్లో చెబితే మా బాపు, "బస్టాండ్ కాడ సర్కారు లైబ్రరీ ఉండంగ మళ్ల కొనుడెందుకురా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా అవ్వ తమ్ముడు, అంటే నాకు మేనమామ, సత్తయ్య హుజూరాబాద్‌లో బట్టల దుకాణం పెడుతున్నాడు. పవర్‌లూమ్‌లను మా దిక్కు సాంచెలంటారు. చిన్నప్పటి నుంచీ ఆ సాంచెల మీద వేరేవాళ్లకు బట్ట నేసి నేసి, మొదటిసారి తన పేరుతో ఒక బోర్డు రాయించుకున్నాడు.

"బోణీ మంచిగ కావాలె శీనూ. మొదటి గిరాకీ మంచిగ పడితేనే దుకాణం నిలబడుతది. బోణీ చెడ్డదంటే మళ్ల సాంచెల కాడికే పోవుడు" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు మామ గొంతులో భయం వినిపించింది. నాకు జాలేసింది. నాకు జాలేసిందంటే ఎదుటివాళ్లకు కష్టకాలం మొదలైనట్టేనని అప్పటికి తెలియదు.

"ఓపెనింగ్‌కు బ్యాండోళ్లకు చెప్పిన" అన్నాడు మామ.

"బ్యాండోళ్లెందుకు మామా? నేనున్న గద. అరవై మందితోని ఆర్కెస్ట్రా పెట్టిస్త."

"అరవై మందికి బువ్వ ఎవలు పెడ్తరురా?"

"వాళ్లు తినరు మామా. సీడీల ఉంటరు."

తిండి అడగని ఆర్కెస్ట్రా మామకు నచ్చింది. పాపం, బ్యాండువాళ్లను వద్దనేశాడు.

క్యాసెట్ల దుకాణం నడిపే నా దోస్తు అఫ్జల్ హైదరాబాద్ నుంచి మూడు సీడీలు పట్టుకొచ్చాడు. మా కంప్యూటర్‌లో ఒక్కదానికే జాగా ఉంది. ఏదో ఒకటి ఎంచుకుని మిగతావి వాపసు ఇవ్వాలి. మొదటి సీడీలో ఫ్లూట్లు, గంటలు, గలగలమనే చిన్న చిన్న వాద్యాలు.

"దుకాణానికి గిదే మంచిగుంటది భాయ్" అన్నాడు అఫ్జల్.

"చిల్లరగున్నది" అన్నాను.

రెండోదానిలో బూరలు, డ్రమ్ములు. "గిది అచ్చం బ్యాండు లెక్కనే ఉన్నది" అని దాన్నీ పక్కకు పెట్టాను.

"బ్యాండే కావాల్నంటే బ్యాండోళ్లే ఉండిరి గదరా!"

మూడోదాని అట్ట నల్లగా నిగనిగలాడుతోంది. దానిమీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలతో 'సోంబర్ స్ట్రింగ్స్' అని ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు, అరవై వయొలిన్లు ఒక్కసారిగా కదిలాయి. నాకు ఒళ్లు జలదరించింది.

"స్ట్రింగ్స్ అంటే తీగెలు, సమజైంది. గీ సోంబర్ అంటే ఏందిరా?" అనుమానంగా అడిగాడు అఫ్జల్.

"సెప్టెంబర్, నవంబర్, డిసెంబర్ లెక్క సోంబర్. ఆ దేశంల పండుగల నెల అయ్యుంటది."

"నీకెట్ల తెలుసు?"

"సంగీతం తెలిసినోనికి గవన్ని తెలుస్తయి."

డిక్షనరీ మా సెంటర్ బీరువాలోనే ఉంది. బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది. ఈ రెండు సంగతులూ పాఠకులు దయచేసి గుర్తుపెట్టుకోండి.

మామ కోసం మంచి హుషారైన బాణీ కట్టాను. అయితే ఈ వయొలిన్లతో ఒక చిక్కు వచ్చిపడింది. మీట నొక్కగానే పలకవు. నిద్రలేచి, మొఖం కడుక్కుని, తీరిగ్గా వస్తాయి. అవి వచ్చేసరికి నా బాణీ నాలుగు స్వరాలు ముందుకు వెళ్లిపోయేది. సరే, పెద్దవాళ్లు కదా, వాళ్లకోసం మనమే ఆగాలని వేగం తగ్గించాను. ఇంకా తగ్గించాను. చివరికి అన్నీ కలిసి నడిచాయి గానీ, హుషారు బాణీ కాస్తా ఏరు దాటుతున్న ఎడ్లబండిలా తయారైంది. నాకు మాత్రం అందులో గాంభీర్యం కనిపించింది.

దాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించి అఫ్జల్‌కు వినిపించాను. కాసేపు తలవంచుకుని కూర్చున్నాడు.

"దిల్ భారీ అయింది భాయ్. మా నానీ యాదికొచ్చింది."

"అమ్మమ్మ మంచిగున్నదా?"

"పోయి శానా రోజులైంది."

ఇంతకంటే మెప్పు ఏ సంగీతకారుడికి దొరుకుతుంది చెప్పండి!

ఓపెనింగ్ రోజు వచ్చింది. దుకాణానికి మామిడాకులు, బంతిపూలు కట్టారు. మామ కొత్త ధోతి కట్టుకున్నాడు. బజారుకు రెండు దిక్కులా స్తంభాలకు మైకులు. మామ కొబ్బరికాయ కొట్టాడు, నేను టేపు మీట నొక్కాను. అరవై వయొలిన్లు మెల్లగా లేచాయి.

ముందు ఎదురుగా టీ హోటల్ ఆయన తన పాటలు బంద్ చేశాడు. నా కళకు మర్యాద ఇస్తున్నాడనుకున్నాను. సైకిల్ మీద పోతున్న ఒకాయన దిగి, తలకు చుట్టిన తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. అదీ మర్యాదే అనుకున్నాను. తర్వాత పక్క దుకాణం షట్టరు దిగింది. దాని పక్కది, ఆ పక్కది దిగాయి. బడికి పోయిన పిల్లలు "సెలవ్! సెలవ్!" అని అరుచుకుంటూ వెనక్కి ఉరికొచ్చారు.

"గిదేందిరా! మనం తెరుస్తుంటే అందరు మూస్తున్నరు?" అన్నాడు మామ.

"మన దుకాణం జూసి భయపడ్డరు మామా. పోటీ గద."

అంతలో యువజన సంఘం లీడర్ మల్లేశం నలుగురిని వెంటేసుకుని, మొఖం వేలాడేసుకుని వచ్చాడు. మొదటి గిరాకీ! మామ చేతులు జోడించి ఎదురుపోయాడు.

"సేటూ, నల్లగుడ్డ ఉన్నదా?"

మామ మొఖం పాలిపోయింది. "అన్నా, ఎర్రది సూడు, పసుపుది సూడు. బోణీకి నల్లదెందుకే?"

"గిసోంటి రోజున ఎర్రది కట్టుకోమంటవా? జర మనిషి లెక్క మాట్లాడు."

మొదటి గిరాకీని లేదని పంపడం అరిష్టం. నల్లగుడ్డతో బోణీ చేయడం ఇంకా పెద్ద అరిష్టం. మామ ఒకసారి కొట్టిన కొబ్బరికాయ వంక, ఒకసారి మల్లేశం వంక చూశాడు. చివరికి లంగాల కోసం తెచ్చిన నల్లగుడ్డ తాను విప్పి కోశాడు. అది కోస్తుండగానే ఎదుటి పార్టీవాళ్లు వచ్చి, మల్లేశం వాళ్ల కంటే వెడల్పు బ్యాడ్జీలు కావాలని ఇంకో తాను మీద పడ్డారు.

"ఇంతకు ఎవలు పోయిండ్రే?" మామ భయం భయంగా అడిగాడు.

"ఇంక పేరు చెప్తలేరు. ఢిల్లీల ఎవలో పెద్దమనిషే. గిన్ని వయొలిన్లు ఏడుస్తున్నయంటే చిన్నోడైతే కాదు" అన్నాడు మల్లేశం, బ్యాడ్జీ పెట్టుకుంటూ.

"ఏ వయొలిన్లు?"

"గీ మైకుల రేడియో పెట్టింది నువ్వే గద సేటూ!"

అప్పుడు తగిలింది నాకు దెబ్బ. దేశంలో పెద్ద నాయకుడెవరైనా పోతే రేడియోలో పాటలూ ముచ్చట్లూ ఆపేసి, రోజంతా వయొలిన్లూ వీణలూ ఏడిపించేవారు. ఆ చప్పుడు వినగానే షట్టర్లు దింపడం అందరికీ అలవాటు. నేను రాత్రింబవళ్లు కష్టపడి చేసింది అచ్చం అదే సంగీతం. ఉరికిపోయి టేపు ఆపేశాను.

అది ఇంకా పెద్ద తప్పు.

"ఊకోండ్రి! వార్తలొస్తున్నయ్!" అని ఎవరో అరిచారు. బజారు మొత్తం మా దుకాణం ముందుకు చేరింది. వందల మంది మైకు వంక నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. మామ నా మెడ పట్టుకుని మైకు దగ్గరికి తోశాడు.

"చెప్పు."

"ఏం చెప్పాలె మామా?"

"ఎవలు పోయిండ్రో చెప్పు. లేకుంటే ఇప్పుడు నువ్వే పోతవ్."

గొంతు సవరించుకున్నాను. "అందరికి నమస్తే. ఎవలు పోలే. అందరు మంచిగనే ఉన్నరు. సత్తయ్య బట్టల దుకాణం ఓపెనింగ్. చీరెలు, రవికె గుడ్డలు దొరుకుతయి."

ముందు వరసలో కొంగుతో కళ్లు తుడుచుకుంటున్న ఒక ముసలమ్మ, "అయితే గింతసేపు నేను దుకాణానికా ఏడ్సింది బిడ్డా?" అంది. అంతే, బజారంతా విరగబడి నవ్వింది. మల్లేశం మాత్రం నవ్వలేదు. గుడ్డ వాపసు తీసుకొమ్మన్నాడు. మామ గోడమీది బోర్డు చూపించాడు. 'కోసిన బట్ట వాపసు తీసుకోబడదు.'

ఆ సాయంత్రం మామ ముందు తలెత్తలేకపోయాను. ఆయనే, "రేపు బ్యాండోళ్లను పిలుస్త. మళ్ల బోణీ చేస్త" అన్నాడు. మర్నాడు బూరలతో, డప్పులతో దుకాణం రెండోసారి తెరిచారు. ఆ ముసలమ్మే ముందుగా వచ్చి ఎర్రచీర కొన్నది. దుకాణం నిలబడింది. మామ మళ్లీ సాంచెల మొఖం చూడలేదు. అది తలుచుకుంటే నా మనసుకు ఇప్పటికీ నిమ్మళంగా ఉంటుంది.

కొన్నాళ్లకు ఢిల్లీలో నిజంగానే ఒక పెద్దాయన పోయారు. రేడియోలో వయొలిన్లు మొదలయ్యాయి. హుజూరాబాద్ బజారులో ఒక్క షట్టరు కూడా దిగలేదు. టీ హోటల్ ఆయన చెవి రిక్కించి విని, "ఎక్కడనో కొత్త బట్టల దుకాణం తెరిచినట్టున్నరు, పోయి చూడుండ్రి" అని ఇంట్లో ఆడవాళ్లను పంపించాడట.

అంతా అయ్యాక బీరువా తెరిచి చూస్తే, డిక్షనరీలో సోంబర్ అంటే 'విషాదంతో నిండిన' అని ఉంది. అందుకే సరస్వతీదేవి సాక్షిగా, మా సెంటర్ బీరువాలోని డిక్షనరీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. అర్థం తెలియని మాట రాసి ఉన్న వాద్యాన్ని ఈ జన్మలో మైకుకు కలపను. తప్పనిసరై కలపాల్సి వస్తే మాత్రం, మామకు ముందుగానే చెప్పి నల్లగుడ్డ తెప్పించి పెడతాను.