వెనక్కి వెళ్లని జీపులో సముద్రానికి

ఆ రోజుల్లో మా కోనసీమ వాళ్లకి ఊరికే చూసి రావడానికి ఎక్కడికైనా వెళ్లే అలవాటు లేదు. పెళ్లికో, చావుకో, కోర్టు వాయిదాకో, పెద్దాసుపత్రికో వెళ్లేవాళ్లం. కారణం లేకుండా ఇంటిల్లిపాదీ బయల్దేరితే లోపల ఏదో గొడవ జరిగిందనుకునేవారు ఇరుగుపొరుగు. అమలాపురం నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. గాలి ఇటు తిరిగినప్పుడు దాని ఉప్పు వాసన మా పెరట్లోకి వచ్చేది (వచ్చేదని నేనంటాను, అదంతా పక్కింటి ఎండుచేపల వాసనని మా అమ్మ అనేది). అయినా మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, డెబ్బై ఏళ్లు నిండినా సముద్రం చూడలేదు. ఎందుకు చూడలేదే అనడిగితే, "ఎవరు తీసికెళ్లేరు?" అనేది. దానికి మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు.

జవాబు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చింది. మా చిన్నాన్న అక్కడ పనిచేసేవాడు. ఆ ఏడాది వచ్చినప్పుడు, తను లేనప్పుడు అద్దెకి తిప్పించవచ్చని ఒక పాత జీపు కొన్నాడు. తిరుగు ప్రయాణం ఇంక మూడు రోజులుందనగా, "అమ్మకి సముద్రం చూపించాకే విమానం ఎక్కుతాను" అని భోజనాల దగ్గర ప్రకటించాడు. మామ్మ అన్నం కలపడం ఆపేసి, "నిజంగానా?" అంది. అంతే, ఇంక ఎవరూ వద్దనడానికి లేకపోయింది. నేనప్పటికి టైపిస్టుగా చేరి నాలుగు నెలలే అయింది. ఆఫీసు నేను లేకపోతే నడవదని నా గట్టి నమ్మకం. అయినా పెద్ద త్యాగం చేస్తున్న మొహంతో ఒక క్యాజువల్ లీవు పెట్టాను.

పొద్దున్న ఏడింటికి చిన్నాన్న జీపుని మెయిన్ రోడ్డు మీదే ఆపి, మమ్మల్నందర్నీ అక్కడికి నడిచి రమ్మన్నాడు. "సందులోకి తీసుకురారా, అమ్మ అంత దూరం నడవలేదు" అన్నారు నాన్న. "సందు ఇరుకన్నయ్యా" అన్నాడు చిన్నాన్న. ముందురోజే ఆ సందులోకి కొబ్బరికాయల లారీ వచ్చి వెళ్లింది. నాన్న ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా వదలరు. కాని ఆ పూట ప్రార్థన చెయ్యాల్సిన తొందరలో వదిలేశారు. జీపు బానెట్ మీద చెయ్యి పెట్టి, నాలుగు చక్రాల్నీ, బ్రేకుల్నీ, స్టీరింగునీ పేరుపేరునా దేవుడికి అప్పగించారు. గేర్ల సంగతి మర్చిపోయారు. మేమంతా "ఆమేన్" అన్నాం. పిన్ని మాత్రం కాస్త గట్టిగా అంది.

అల్లవరం దాటాక మేము తిరగాల్సిన మలుపు వెనకబడిపోయింది. "అదిగో, దాటిపోయావ్, వెనక్కి తియ్యి" అన్నారు నాన్న. "ముందు ఇంకో దారుందన్నయ్యా." ఆ ఇంకో దారి ఒక చర్చి దగ్గర ఆగిపోతే, చర్చి చుట్టూ తిరిగి బయటపడ్డాం. "వెనక్కి తిప్పుకుంటే అయిపోయేది కదా తమ్ముడూ" అంది అమ్మ, ఒళ్లో పులిహోర గిన్నె పట్టుకుని. "చర్చి చూసినట్టుంటుందని, వదినా." మేం చర్చిలో పుట్టి పెరిగిన వాళ్లం. పిన్ని పొద్దుట్నుంచీ ఎవరి మొహమూ చూడకుండా కాలవకేసే చూస్తోంది. నేను గడియారం చూసుకుంటున్నాను.

నిజం కాలవ గట్టు మీద బయటపడింది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క వరిచేను, మధ్యన ఒక్క బండికి సరిపడా దారి. ఎదురుగా కొబ్బరికాయల ఎడ్లబండి. బండాయన దిగి వచ్చి తలపాగా విప్పుకుంటూ, "ఆయ్, కాస్త ఎనక్కి తియ్యండి బాబుగారూ, ఆ తోట కాడ పక్కకి తప్పుకోవచ్చండి" అన్నాడు. చిన్నాన్న కదల్లేదు. "మీరే తియ్యకూడదా?" అన్నాడు చివరికి. "ఎడ్లు ఎనక్కి నడవవు కదండీ!"

"ఇదీ నడవదండి" అన్నాడు చిన్నాన్న.

"అంటే?" అన్నారు నాన్న.

"రివర్సు గేరు పడదన్నయ్యా. కొన్న రెండోరోజే తెలిసింది. అమ్మినాయన్ని అడిగితే, ముందుకెళ్లాల్సిన వయసులో మీకు రివర్సుతో పనేంటండీ అన్నాడు."

"నీకు తెలుసా?" అని పిన్నినడిగింది అమ్మ. పిన్ని కాలవలోని ఒక బాతుని శ్రద్ధగా చూసింది. నాన్న జీపు దిగారు. ఆయన కోపమొస్తే అరవరు, గ్రాంథికంలోకి వెళ్లిపోతారు. "మస్కట్ నగరమందు వాహనములన్నియు ముందునకే పోవునా?" అని అడిగారు. నేను కూడా ఏదో అన్నాను. నా లీవు గురించి, ఇంట్లో ఒక్కరికీ పద్ధతి లేకపోవడం గురించి, ఇంగ్లీషు మాటలు కలిపి. ఎవరూ వినలేదు.

జీపుని తోట దాకా వెనక్కి తొయ్యాల్సి వచ్చింది, ఒక ఫర్లాంగు పైనే. నాన్న, అమ్మ, పిన్ని, నేను, బండాయన కలిసి తోశాం. చిన్నాన్న స్టీరింగు పట్టుకుని తల బయటపెట్టి, "కాస్త ఎడమకి, కాస్త ఎడమకి" అంటుంటే, నాన్న ప్రతిసారీ "మూర్ఖుడా" అన్నారు. మామ్మ దిగనంది. ముందు సీట్లో కూచుని, కొబ్బరిచెట్లు వెనకనుంచి ముందుకి పోతుంటే చూసి, "ఎంచక్కా ఉందర్రా!" అంది. తోట దగ్గర బండి తప్పుకుంది. బండాయన మా పులిహోర తిని, నాలుగు బొండాలు కొట్టిచ్చి, "ఇటే తిన్నగా పోండి, మడ అడివి వత్తాది, దాని పక్కనే సవుద్రం" అని దారి చూపించాడు.

ఆ దారి మడ అడవి అంచున బురదలో ముగిసిపోయింది. నీళ్లలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చిన చెట్లు, ఎర్రటి పీతలు, మా చుట్టూ దోమలు. ముందుకి దారి లేదు, వెనక్కి గేరు లేదు. "ఇంక ఇక్కడే కాపరం పెడదాం" అంది అమ్మ. అప్పటికి మిట్టమధ్యాహ్నం. నాన్న చిన్నాన్నతో మాట్లాడ్డం మానేశారు. అమ్మ నాన్నతో మానేసింది. నేను అందరితోనూ మానేశాను. అప్పుడు మామ్మ జీపులోంచి దిగి చెవి ఒగ్గి, "అదేంటర్రా ఆ చప్పుడు?" అంది. మా గొడవలో మేం వినిపించుకోలేదు గాని, సరుగుడు తోట అవతల సముద్రం ఘోషిస్తోంది.

అటుగా వలలు మోసుకొస్తున్న బెస్తవాళ్లు మా జీపుని చూసి ఆగారు. సంగతి విని వాళ్లు నవ్వలేదు, అందుకు ఇప్పటికీ నాకు వాళ్లంటే గౌరవం. "మేం ఎత్తి తిప్పేత్తావండి, మీరెల్లి చూసి రండి" అన్నారు. సరుగుడు తోటలో ఇసక మీద మేమంతా కాళ్లీడుస్తుంటే, సందు చివరిదాకా నడవలేదనుకున్న మామ్మ అందరికన్నా ముందు నడిచింది.

సముద్రం కనపడగానే ఏదైనా అంటుందేమోనని చూశాం. మామ్మ చెప్పులు విడిచి, తిన్నగా వెళ్లి, మోకాళ్లు ముడుచుకుని అల వచ్చే చోట కూలబడింది. మొదటి అల నడుం దాకా తడిపేసింది. "రా, రా" అంది దాంతో, చుట్టాన్ని గుమ్మంలోంచి పిలిచినట్టు. రెండో అలనీ అలాగే పిలిచింది. చిన్నాన్న వెళ్లి పక్కన కూచున్నాడు. కాసేపటికి పిన్ని, ఆ తరవాత అమ్మ. చివరికి నాన్న కూడా పంచె పైకి కట్టుకుని, తమ్ముడి పక్కనే కూచుని, "ముందే చెప్పొచ్చు కదరా" అన్నారు మామూలు తెలుగులో.

"రా పాపా, కూచో" అని పిలిచింది మామ్మ.

"కుదరదు మామ్మా, కొత్త చీర. వాళ్లు జీపు తిప్పేసి ఉంటారు. ఇంక పదిహేను నిముషాలు, అంతే."

"డెబ్బై ఏళ్లకి పదిహేను నిముషాలా?" అంది మామ్మ. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు. "సరేలే, ఇయ్యి."

ఆ పదిహేను నిముషాలూ నేను పొడి ఇసక మీదే నిలబడ్డాను. అల వస్తే కొట్టుకుపోతాయని వాళ్లందరి చెప్పులూ ఏరుకుని చేతుల్లో పట్టుకున్నాను. మామ్మ తరవాత ఇంకో నాలుగేళ్లు బతికింది, మళ్లీ సముద్రానికి వెళ్లలేదు. నేనిప్పుడు ఆవిడ వయసుకి దగ్గర పడుతున్నాను. ఆనాటి ఆ టైపిస్టు పిల్ల గుర్తొస్తే తిట్టబుద్ధి కాదు, నవ్వొస్తుంది. ఐదు జతల చెప్పులు గుండెకి హత్తుకుని, ఒంటి మీద ఒక్క చుక్క పడకుండా, మా ఇంట్లో బుర్ర ఉన్నది తనకొక్కదానికే అనుకుంటూ నిలబడింది పాపం.