విక్టోరియా టీచరుగారి లీడరు

రెండు కాళ్ళ మీద నడిచే మరమనిషికి కుడిఎడమలు నేర్పడంలో మా మామ్మని మించినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. విదేశాల్లో పెద్ద పెద్ద ఇంజనీర్లు ఏసీ గదుల్లో కూర్చుని ఏళ్ళ తరబడి కుస్తీపట్టే పనిని, మా మామ్మ దెందులూరు పక్క ఊళ్ళో, వరండాలో చేట ముందేసుకుని, పంతొమ్మిది రోజుల్లో ముగించింది. చేట ఎందుకంటారా? స్క్రూలు దొర్లిపోకుండా. ఇంజనీర్ల దగ్గర చేట లేదు. వాళ్ళు వెనకబడింది అక్కడే.

మామ్మ పేరు విక్టోరియా. మా ఊరి హైస్కూల్లో ముప్ఫైనాలుగేళ్ళు డ్రిల్ టీచరుగా పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరైంది. పుట్టింది కొల్లేటికోటలో. చిన్నప్పుడు తాటిదోనెలో నిలబడి బడికి వెళ్ళేదట. కూర్చుంటే గౌను తడుస్తుందని నిలబడేదట. ఆ నిలబడడమే తర్వాత ఉద్యోగమైందని తాతయ్య అంటాడు. ఇంట్లోనూ ఆవిడ డ్రిల్ టీచరే. మా నాన్నని అన్నానికి విజిల్ వేసి పిలిచేది. నేను ఇంటర్ తప్పి ఏలూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో చేరినప్పుడు అందరూ తిట్టారు గాని, మామ్మ మాత్రం నేను స్టూలు మీద వంగి కూర్చుంటున్నానని తిట్టింది.

ఆవిడ రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. డ్రిల్ పీరియడ్లో పిల్లలు చెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. మొన్న వానాకాలంలో హెడ్మాస్టరు సుందరరామయ్యగారు ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆయన లెక్కల మేష్టారు, మంచాయన. వచ్చే నెల నుంచి డ్రిల్ పీరియడ్ తీసేసి ఆ గంటలో లెక్కలు చేయిస్తామన్నారు. ఈ సంగతి మామ్మకి చర్చి బయట తెలిసింది. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోలేదు. మర్నాడు సోమవారం బడి గేటు తీసేసరికి అక్కడ నిలబడింది. నేను బండి మీద దింపాను కాబట్టి అంతా విన్నాను.

తను రోజూ వచ్చి ఊరికే చేయిస్తానంది మామ్మ. రిటైరైనవాళ్ళు క్లాసు తీసుకోవడానికి రూల్ ఒప్పుకోదని, ఏ పిల్లాడికైనా దెబ్బ తగిలితే తను సమాధానం చెప్పుకోవాలని ఆయన మెల్లగా, అండీ అండీ అంటూ చెప్పారు. మాట్లాడుకుంటూ ల్యాబు ముందుకి వచ్చాం. మామ్మ చూపు లోపల బీరువా మీదికి పోయింది. అక్కడ రెండేళ్ళుగా ఒక పెద్ద అట్టపెట్టె ఉంది. పైన మరమనిషి బొమ్మ. పిల్లలు సొంతంగా బిగించుకోవాల్సిన కిట్టు అది. లోపలి పుస్తకం చూసి భయపడి ఎవరూ ముట్టుకోలేదు.

“ల్యాబు సామాను బాగుచేసిపెట్టడానికి రూల్ ఒప్పుకుంటుందాండీ?” అని అడిగింది.

దానికి రూలెందుకండీ, ఎవరు చేసినా సంతోషమే అన్నారాయన.

“అయితే అది చేయిస్తుందండి డ్రిల్లు. నేను పక్కన నిలబడి దాని బటన్లు నొక్కుతాను.”

సుందరరామయ్యగారు నవ్వారు. నవ్వాక, ఆవిడ నవ్వడం లేదని గమనించారు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. మూడో వారం శనివారం ఆరో తరగతి పిల్లల్ని ఇస్తారు. నలభైరెండు మంది. బొమ్మ ముందు నిలబడి, పీరియడ్ బెల్లు కొట్టేదాకా వాళ్ళ వరస చెదరకూడదు. చెదరకపోతే డ్రిల్ పీరియడ్ ఉంటుంది. చెదిరితే లెక్కలు. ఆరో తరగతి వాళ్ళంటే, మైదానం వెనక చెరువులో చేప ఎగిరినా వరస వదిలి పరిగెత్తే బాపతు. ఆయనకి లెక్కలు బాగా వచ్చు.

పెట్టె మా వరండాలోకి వచ్చింది. పదిహేడు మోటార్లు, చేటకి నిండుగా స్క్రూలు, ఎముకల్లాంటి అల్యూమినియం ముక్కలు. ఆ మోటార్లని సర్వో మోటార్లంటారు. ఎన్ని డిగ్రీలు తిరగమంటే అన్నే తిరిగి అక్కడ బిగుసుకుపోతాయి. ఈ గుణం మామ్మకి తెగ నచ్చింది. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో అలాంటి పిల్లాడు ఒక్కడు దొరకలేదంది. బిగించడం ఎనిమిది రోజుల్లో అయిపోయింది. నిలబెడితే నా మోకాలి ఎత్తుంది. మామ్మ దానికి లీడరు అని పేరు పెట్టింది.

జాషువా తాతయ్య పడక్కుర్చీలోంచి ఇదంతా చూస్తూ కూర్చునేవాడు. ఆర్టీసీ బస్సు తోలి తోలి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. ఓ రోజు మామ్మ లీడరు మోకాలికి గ్రీజు రాస్తుంటే ఇక పట్టలేకపోయాడు.

“ఏవండీ టీచరుగారూ, నా మోకాళ్ళ సంగతి ఆర్నెల్ల నుంచి చెబుతున్నాను. ఆ శ్రద్ధలో సగం ఇటు చూపించకూడదాండీ?”

“మీవి విప్పి చూద్దామంటే స్క్రూలు లేవండి” అంది మామ్మ, తలెత్తకుండా.

ప్రోగ్రామింగ్ అనగానే నేను గొప్పగా ముందుకొచ్చాను గాని, నాకంటే ముందే ఆవిడకి అర్థమైపోయింది. మోటార్లని వదులు చేసి, బొమ్మ కాళ్ళూ చేతులూ మన చేత్తో కావలసినట్టు వంచి, లాప్‌టాప్‌లో బటన్ నొక్కితే ఆ భంగిమ దాచుకుంటుంది. అలాంటి భంగిమలు వరసగా పేర్చి, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎంతసేపు పట్టాలో చెబితే చాలు. ఆరో తరగతి పిల్లల మోచేతులు పట్టుకుని “ఇదిగో, ఇంతవరకే” అని చెప్పిన మనిషికి ఇందులో కొత్తేముంది? డ్రిల్ నోట్‌బుక్‌లో అంకెలేసి రాసుకుంది. ఒకటికి చేతులు పక్కలకి, రెండుకి పైకి, మూడుకి పక్కలకి, నాలుగుకి కిందికి. చేతులు బ్రహ్మాండంగా ఆడాయి.

కాళ్ళే ఆడలేదు. కిట్టుతో పాటు వచ్చిన నడక ప్రోగ్రాం పెడితే లీడరు ఒక్క పక్కకి ఒరిగి, ఒక కాలు ఎత్తి, ధబ్బున పడేది. లేవడం మాత్రం దానికి వచ్చు. పడితే తనంతట తనే చేతులు ఆనించి, మోకాళ్ళు ముడిచి, ఎనిమిది అంకెల్లో లేచి నిలబడే ప్రోగ్రాం అందులోనే ఉంది. మామ్మ దాన్ని తన లెక్కకి సరిచేసి పెట్టింది కూడా. దాంతో వరండాలో రోజంతా అది పడడం, లేవడం, పడడం. మోటారు కాలిపోయిందన్నాను నేను. మా షాపులో అన్నిటికీ అదే చెబుతాం. గచ్చు నున్నగా ఉందని తాతయ్య అన్నాడు. మామ్మ గోనెపట్టా పరిచింది. గోనెపట్టా మీద కూడా పడింది. శనివారానికి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. ఆ సాయంత్రం ఆవిడ విజిల్ లేకుండా అన్నానికి పిలిచింది. మాకందరికీ భయమేసింది.

మర్నాడు పొద్దున్న నేను ఊరికే లాప్‌టాప్‌లో ‘కుడి చెయ్యి పైకి’ అన్న బటన్ నొక్కాను. లీడరు ఎడమ చెయ్యి ఎత్తింది.

“మామ్మా, ఇది ఎడమ చెయ్యే.”

“కుడే. సరిగ్గా చూడు.”

“దానికి కుడి అటుంది.”

“టీచరుకి ఎటుంటే ఎందుకే? ఎదురుగా పిల్లలున్నారు. కుడి అని చెప్పి మనం ఎడమ ఎత్తితేనే వాళ్ళు చూసి కుడి ఎత్తుతారు.”

అదీ సంగతి. ముప్ఫైనాలుగేళ్ళు పిల్లలకి ఎదురుగా నిలబడి, నోటితో కుడి అంటూ ఒంటితో ఎడమ ఎత్తిన మనిషి. డ్రిల్ టీచర్లంతా అంతే, అద్దంలో మనిషిలా చేసి చూపిస్తారు. పెట్టె విప్పిన రోజు నుంచీ మామ్మ ఆ బొమ్మని బొమ్మగా చూడలేదు, టీచరుగా చూసింది. అందుకని దాని ఎడమ పక్క మోటార్లన్నిటికీ కుడి నంబర్లిచ్చింది, చేతులకీ కాళ్ళకీ.

నేను పడీపడీ నవ్వుతుంటే మామ్మ లేచి నిలబడింది. చీర కొంచెం పైకి దోపి, బరువంతా కుడి కాలి మీద వేసి, ఆ కుడి కాలే ఎత్తబోయింది. తూలి స్తంభం పట్టుకుంది.

“ఏ కాలి మీద బరువుందో ఆ కాలే ఎత్తుతోంది పిచ్చిది. దోనెలో అలా ఎత్తితే నీళ్ళలో ఉంటాం. కొల్లేట్లో పుట్టి ఇది పట్టుకోలేకపోయాను చూడు.”

ఒరిగేటప్పుడు రెండు కాళ్ళూ ఒకేలా వంగుతాయి కాబట్టి నంబర్లు తారుమారైనా ఒరగడం సరిగ్గానే ఉంది, ఎత్తే కాలే మారిపోయింది. మామ్మ కాళ్ళ మోటార్ల నంబర్లు మార్చింది. గంట తిరక్కుండా లీడరు వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. చేతుల నంబర్లు కూడా మార్చనా అని అడిగాను. వద్దంది. కాళ్ళు దానివి, చేతులు పిల్లలవి అంది.

శనివారం వచ్చింది. రాత్రి కురిసిన జల్లుకి మైదానం కాస్త మెత్తగా ఉంది గాని నీళ్ళు నిలవలేదు. జెండా దిమ్మ మీద లీడరు నిలబడింది. పక్కన మామ్మ, తెల్ల కాన్వాసు బూట్లలో. ఎదురుగా ఆరో తరగతి, ఆరు వరసలు, వరసకి ఏడుగురు. సుందరరామయ్యగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మామ్మ విజిల్ వేసి బటన్ నొక్కింది.

పిల్లలు మొదట నవ్వారు. లీడరు నవ్వలేదు. నాలుగో లెక్కకి నవ్వు ఆగిపోయి చేతులు కదలడం మొదలుపెట్టాయి. అది ఒక్క చెయ్యి పైకెత్తినప్పుడు హెడ్మాస్టరుగారు కుర్చీలో ముందుకి జరిగారు.

“టీచరుగారండీ, మీరు కుడి అంటున్నారు. మీ బొమ్మ ఎడమ ఎత్తుతోందండి.”

“బొమ్మని చూడకండి మేష్టారూ. పిల్లల్ని చూడండి.”

ఆయన చూశారు. నలభైరెండు చేతులు. అన్నీ కుడి చేతులే. ఆయన లెక్కపెట్టారనే నా అనుమానం.

ఇంకో పది నిమిషాల్లో బెల్లు కొడతారనగా నడక మొదలైంది. ఉన్నచోటే కాళ్ళు ఎత్తి దించడం. మా వరండా గచ్చు నున్నన, దిమ్మ సిమెంటు గరుకు. మూడో అడుగుకి లీడరు కాలి అంచు ఒక చిన్న పెచ్చుకి తగిలింది. బోర్లా పడింది.

ఇప్పుడు నలభైరెండు మందీ వరస వదిలి దిమ్మ మీదికి ఎగబడతారు, పీరియడ్ పోతుంది, మామ్మ రేపటి నుంచి మమ్మల్ని విజిల్ లేకుండా పిలుస్తుంది అనుకున్నాను. మామ్మ మాత్రం బొమ్మ వైపు అడుగు వెయ్యలేదు. గొంతు మారకుండా “ఒకటి” అంది.

అప్పుడు నేను జన్మలో మరిచిపోలేనిది జరిగింది. మొదటి వరసలో జాయ్సీ అనే పిల్ల, రెండు జడలది, ఒక్కసారి లీడరు వైపు చూసి, బోర్లా పడుకుంది. తడి నేల మీదే. దాన్ని చూసి పక్కవాడు. వాణ్ణి చూసి వెనక వరస. మామ్మ “రెండు” అనేసరికి ఆరు వరసలూ నేల మీదున్నాయి. టీచరు ఏం చేస్తే అది చెయ్యడమే కదా డ్రిల్లంటే. లీడరు చేతులు ఆనించింది, పిల్లలు ఆనించారు. మోకాళ్ళు ముడిచింది, ముడిచారు. “ఎనిమిది” అనేసరికి బొమ్మా, నలభైరెండు మందీ ఒక్కసారే లేచి నిలబడ్డారు. చొక్కాల నిండా బురద. ఒక్క వరస ఒక్క అంగుళం చెదరలేదు.

బెల్లు కొట్టారు. సుందరరామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నవ్వు ఆపుకోవడానికి అలా చేస్తారని అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఈ బట్టల గురించి తల్లులకి ఎవరు చెబుతారండీ అన్నారు. తను చెబుతానంది మామ్మ. ఆఫీసులోకి వెళ్ళి, వారానికి నాలుగు డ్రిల్ పీరియడ్లని టైంటేబుల్లో ఆయనే స్వయంగా రాశారు. మామ్మ ఐదు అడిగింది. నాలుగే అన్నారు. ల్యాబు సామాను చూసుకోవడానికి విక్టోరియా టీచరుగారు రావచ్చని ఒక కాగితం కూడా ఇచ్చారు.

సోమవారం పొద్దున్న మామ్మ బూట్లకి సుద్ద రాసుకుంటోంది. నేను పెద్దదాన్ని కాబట్టి బుద్ధిగా ఒక సలహా చెప్పాను. ప్రోగ్రాంలన్నీ ఎక్కించేశావు, బటన్ నొక్కడం ఏ పదో తరగతి పిల్లకైనా నేర్పేస్తాను, నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండి తాతయ్య మోకాళ్ళు చూసుకోవచ్చుగా అన్నాను. మామ్మ రెండో బూటు లేసు ముడేసి, లేచి నిలబడి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“దానికి చెవి మెలిపెట్టడం రాదు. నువ్వు ముందు నిటారుగా నిలబడి, బండి తియ్యి.”