గ్లవ్ లోపలిది

మా గ్రేసీ హాకీ ఆడుతుంది. కొత్త గ్లవ్ వేసుకుంటే స్టిక్ పట్టుకున్నట్టే తెలియడం లేదని వారం నుంచి గొణుగుతోంది. ఈ రోజు పొద్దున బడికి పోతూ గ్లవ్ నా చేతిలో పెట్టి, "అమ్మా, లోపలిది తీయించేయవా, ప్లీజ్" అంది.

హాస్పిటల్‌లో డ్యూటీకి వెళ్తూ మేముండే ఈ హిందీ ఊళ్లో మోవా అనే పేటలో చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి, "అందర్ వాలా నికాల్ దో" అని, లోపలిది తీసేయమన్నాను. లోపలి స్పాంజి తీసేస్తే పాపకు దెబ్బ తగలదా దీదీ అని ఆయన హిందీలో రెండుసార్లు అడిగాడు. అన్నీ తెలిసినదానిలా తీసేయమన్నాను.

సాయంత్రం గ్రౌండ్‌కి గ్లవ్ తీసుకెళ్లి ఇస్తే, గ్రేసీ లోపల చూడకుండానే హడావిడిగా తొడుక్కుంది. పది నిమిషాల్లో బంతి నేరుగా ఆ చేతికే తగిలింది. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలింది కానీ, చెయ్యి పూరీలా పొంగింది.

"హథేలీ దగ్గర తోలు తీయించమన్నానమ్మా, స్పాంజి కాదు!" అని ఏడ్చింది.

"అరచేయి అని చెప్పొచ్చు కదే!"

ఏడుపు ఆపి నా వంక చూసింది. "అరచేయి అంటే?"

పద్నాలుగేళ్ల పిల్ల. రోజంతా పేషెంట్లతో హిందీ మాట్లాడి, ఇంటికొచ్చాక కూడా నేను అదే మాట్లాడేస్తాను. ఇంక ఎవరి మీద అరవను?

ఇందాక ఐస్ పెడుతూ ఒక్కో వేలికీ పేరు చెప్పాను. వాచిన ఉంగరపు వేలు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాక్కుంది.

మీ పిల్లలకు తెలియని తెలుగు మాటలేవో కాస్త చెప్పండి. ఈసారి దెబ్బ తగలకముందే దానికి నేర్పేస్తాను.