మా ఇటలీవాడు దిగివచ్చిన వైనం

ఆ రోజుల్లో లోకం మా రంగూన్‌కి వడల పొట్లాల్లో వచ్చేది. ఏదో చమత్కారానికి అంటున్న మాట కాదిది. ఇరవై ఏళ్లు వచ్చేదాకా కొత్త విదేశీ పత్రిక ఒక్కటైనా చేత్తో పట్టుకోని వాళ్లం మేము. ప్రభుత్వంవారి పేపరు ఒకటుండేది. ఏ పెద్దమనిషి ఏ వరిచేను చూసి సంతోషించాడో అందులో రాసేవారు. సాయంత్రం రేడియోలో అదే సంతోషాన్ని మళ్లీ చదివేవారు. మిగతా ప్రపంచం బతికుందో చచ్చిందో తెలియాలంటే బయాజో అత్త ఇచ్చిన పొట్లం విప్పి, వడలు తినేసి, నూనె మరకల చుట్టూ ఉన్న అక్షరాలు కూడబలుక్కోవాలి. ఇవాళ్టి పిల్లలకు చెబితే నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం నష్టం. మీ ఫోన్లలో ఉన్న లోకానికి ఆ ఉల్లిపాయ వాసన రమ్మన్నా రాదు.

(బయాజో అంటే మన పప్పు వడే. బర్మావాళ్లు తమదంటారు, మేము మాదంటాం. ఆ తగువు ఇప్పుడొద్దు.)

బయాజో అత్త నాకు రక్తసంబంధం కాదు. తామ్వేలో మా వీధిలో ఉన్న పది పన్నెండు తెలుగు ఇళ్లకీ ఆవిడ అత్తే. మా ప్రార్థన మందిరం గోడ పక్కన మూకుడు పెట్టుకుని కూర్చునేది. తన్లిన్ రేవులో పనిచేసే వాళ్ల అన్న, ఓడలవాళ్లు పారేసిన పాత ఇంగ్లిషు పత్రికల కట్ట ఒకటి తెచ్చి ఆవిడ గుమ్మంలో పడేశాడు. అందులో సగానికి సగం ఫుట్‌బాల్ పత్రికలే. అత్త రోజూ కట్ట పైనుంచి ఒక పత్రిక తీసి, ప్రతి కాగితానికీ పై అంచు దుమ్ము పట్టిందని చింపి పారేసి, మిగిలినదాన్ని రెండు ముక్కలు చేసి పొట్లాలు కట్టేది. ఆ దుమ్ము అంచులోనే నెలా సంవత్సరమూ ఉంటాయన్న సంగతి ఆవిడకి అక్కర్లేదు, మాకు తోచలేదు.

అలా వచ్చాడు మా ఇటలీవాడు. అప్పటికి నేను ఒక బట్టల మిల్లులో మరమ్మతు పనివాణ్ణి, ఆ మిల్లు ఫుట్‌బాల్ జట్టులో నడిమివాణ్ణి. నడిమివాడి బతుకు మీకు తెలియకపోతే చెబుతాను. గెలిస్తే పూలదండ ముందు ఆడేవాడికి, ఓడితే తిట్లు గోలు కాసే గోలీకి, రెండింటి మధ్య పరుగెత్తినవాడికి దాహం. మా గోలీ నా ప్రాణస్నేహితుడు. వాణ్ణి అందరం తలుపుగాడు అనేవాళ్లం, ఎప్పుడు చూసినా బార్లా తెరిచే ఉండేవాడు గనుక. వాడికి నాకంటే రెండు ముక్కలు ఇంగ్లిషు ఎక్కువ వచ్చు. ఒకరోజు పొట్లం విప్పి, “ఒరే, సూడు, ఈడు కూడా నీలాగే నడిమోడు,” అన్నాడు. బొమ్మలో ఇటలీ దేశపు మహానగరం జట్టు నాయకుడు, రెండు చేతులా పెద్ద కప్పు. నెత్తి మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది.

నడిమివాడి చేతికి కప్పు వచ్చిందంటే ఇక ఆగుతామా. ఆ రోజు నుంచి వాడు మావాడైపోయాడు. రోజూ సాయంత్రం వడలు కొనడం, వాడి కోసం వెతకడం. కొన్ని నెలలకి మళ్లీ దొరికాడు. ఈసారి మహానగరం జట్టు కాదు, ఒక మోస్తరు పట్నం జట్టు. నెత్తిమీద పలచగా జుట్టు. ఇంకొన్ని నెలలకి ఏదో చిన్న రేవుపట్నంలో, రెండో తరగతి పోటీల్లో ఆడుతూ కనిపించాడు. జుట్టు ఒత్తుగా ఉంది. ఏడాదిన్నర తిరిగేసరికి బురద మైదానం, రేకుల షెడ్డు, కొండపల్లె జట్టు, బక్క కాళ్లు, ఎలుగుబంటికున్నంత జుట్టు, పక్కన చెయ్యి పట్టుకుని వాళ్లమ్మ. ఆ బొమ్మని తలుపుగాడూ నేనూ చేతులు మార్చుకుని మళ్లీ మళ్లీ చూశాం. మా ఇటలీవాడు మహానగరాన్ని వదిలేశాడు. పిలిచిన పెద్దలందరికీ పోండి అని చెప్పి, మెట్టు మెట్టుగా దిగి, అమ్మ దగ్గరికి వచ్చేశాడు. మనిషంటే వాడు.

“జుట్టెలా వచ్చిందే మరి?” అని మా అమ్మనడిగాను. ఆదివారం మందిరంలో పాటలందుకునే మనిషి, దేనికైనా ఆవిడ దగ్గర జవాబుంటుంది. “మనసులో బరువు దిగితే మొకం తేటపడతాది, జుట్టూ వత్తాది. పాపం డబ్బున్న సోట ఏ సింత పట్టుకుందో ఆణ్ణి,” అంది. ఆ బొమ్మని మైదా పిండి ఉడికించి గోడకి అంటించింది కూడాను. (తర్వాత బొద్దింకలు ఆ పిండి కోసం వచ్చి ఇటలీవాడి ఒక కాలు తినేశాయి.)

అప్పుడు పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది వచ్చింది. వానలు ముదిరేసరికి, ప్రభుత్వం దిగిపోవాలని విద్యార్థులు వీధుల్లోకి వచ్చేశారు, వాళ్ల వెనక రేవు కూలీలు, వాళ్ల వెనక ఆఫీసు గుమాస్తాలు. మా మిల్లులో నూలు వడికే ఆడవాళ్లు అందరికంటే ముందు పని ఆపి గేటు బయట కూర్చున్నారు. మా పెద్ద మేనేజరు ఒకప్పుడు సైన్యంలో ఉన్నవాడు. మేము సయాజీ (పెద్ద గురువుగారు) అని పిలవాలి. ఆయనకి ఒక ఆలోచన తట్టింది. మిల్లు మైదానంలో పక్క మిల్లుతో ఫుట్‌బాల్ ఆట పెట్టి, ఫోటో తీయించి, ఇక్కడ అంతా బాగానే ఉంది, పనివాళ్లు ఆడుకుంటున్నారు అని పేపర్లో వేయించాలని. నన్ను గదిలోకి పిలిచి బర్మా భాషలో నెమ్మదిగా చెప్పాడు. “రేపు నువ్వు ఆడుతున్నావు. పట్నం పెద్ద జట్టు శిక్షకుడు చూడ్డానికి వస్తాడు. ఎల్లుండి నుంచి నువ్వు ఆ జట్టు మనిషివి. ఆడకపోతే ఎల్లుండి నుంచి నువ్వు ఈ మిల్లు మనిషివి కూడా కాదు.”

నేను తల ఊపి వచ్చేశాను. ధైర్యవంతుడైతే ఆ గదిలోనే కాదనేసేవాడు. నేను మాత్రం “సరే సయాజీ” అని, తలుపు చప్పుడు కాకుండా వేసి మరీ వచ్చాను. ఇంటి సంగతి వేరు. నాన్న పోయాక మిల్లువాళ్లు ఇచ్చే బియ్యం మీదే మా పొయ్యి వెలిగేది. అమ్మకి అంతా చెప్పాను.

“ఆడితే ఏటవుద్ది?” అంది.

“పెద్ద జట్టులోకి ఎల్తాను.”

“ఆడకపోతే?”

“బియ్యం ఉండవు.”

అమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. “నాకు బియ్యం కావాలి. నీకేటి కావాలో నువ్వే సూసుకో. ఆడమని సెప్పను, ఆడొద్దనీ సెప్పను. రేపు అమ్మ కోసం సేసినానని ఊర్లో సెప్పుకు తిరిగినావంటే మాత్రం ఊరుకోను,” అంది. ఆ రాత్రి నేను గోడమీది ఒంటికాలి ఇటలీవాణ్ణి అడిగాను. వాడి మొహంలో జవాబు స్పష్టంగానే ఉంది.

పొద్దున్నే మైదానంలో కుర్చీలు, కుర్చీలకు తెల్లగుడ్డలు, మైకులో సంగీతం. కంచె అవతల మా మిల్లు ఆడవాళ్లు, వాళ్ల అన్నదమ్ములు, అరుపులు. ఆ అరుపులు వినపడకూడదని సంగీతం ఇంకా పెంచారు. ఒక్క సంగతి మీకు చెప్పాలి. ఆ రోజుల్లో తోలుబంతి దొరకడం గగనం. మా మిల్లంతటికీ ఒకటే బంతి, అది మేనేజరు బీరువాలో తాళం వేసి ఉండేది. పక్క మిల్లువాళ్లకి అదీ లేదు. ఈల మోగింది. మావాడు బంతిని వెనక్కి నాకు తోశాడు. నేను దానిమీద కాలు పెట్టి నిలబడ్డాను. కంచె అవతల నూలు వడికే ఒకావిడ నా పేరు పెట్టి ఏమీ అనకుండా నావైపు చూస్తోంది. ఆవిడ తిట్టినా బాగుండేది. నాకు కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియదు, అందరిమీదా వచ్చింది. బంతిని చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాను.

రిఫరీ ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు. “ఎక్కడికి?”

“బయటికి.”

“బంతి ఇంకా గీత దాటలేదు కదా.”

“ఇప్పుడు దాటుద్ది,” అన్నాను తెలుగులో. ఆయనకి అర్థమై ఉండదు. వెనక్కి తిరిగి చూస్తే తలుపుగాడు గోలు వదిలేసి వస్తున్నాడు (వాడికది అలవాటే), వాడి వెనక మా జట్టు, ఆ వెనక పక్క మిల్లువాళ్లు నలుగురు. మేనేజరు మైకులో “ఆగు” అన్నాడు. సంగీతంతో కలిసి ఆ మాట తామ్వే అంతా వినపడిందట. నేను వీరుడి మొహం పెట్టుకుని గేటు దాకా వెళ్లాను.

గేటుకి తాళం.

గేటు కాపలా తాత మావాడే, శ్రీకాకుళం వైపు మనిషి. “తాళంసెవి ఆపీసులో ఉంది బాబూ. మేనేజరు బాబుని అడిగి తేవాలేటి?” అన్నాడు. ఇప్పుడేం చెయ్యను. వెనక్కి పోలేను, ముందుకు దారి లేదు, చంకలో బంతి, మొహం మీద వీరత్వం. ముందు బంతిని గేటు మీదుగా అవతలికి విసిరాను. ఆడవాళ్లు పట్టుకున్నారు. తర్వాత నేను ఎక్కాను. పైన ఉన్న ఇనప ముల్లు నా నిక్కరుని పట్టుకుని వదల్లేదు. కొంతసేపు అటూ ఇటూ కాకుండా వేలాడి, పర్రుమన్న చప్పుడుతో ఉద్యమంలోకి దిగాను. నా పేరు పెట్టి ఏమీ అనని ఆ నూలు వడికే ఆవిడే తన భుజంమీది తువ్వాలు ఇచ్చి, నడుముకి కట్టుకోమని అటు తిరిగింది. ఫోటోగ్రాఫరు ఆ ఫోటో తీశాడో లేదో తెలియదు. తీస్తే మాత్రం పేపర్లో వెయ్యలేదు.

మూడోరోజు నోటీసు బోర్డు మీద నా పేరూ తలుపుగాడి పేరూ పనిలోంచి తీసేసినవాళ్ల పట్టీలో ఉన్నాయి. ఆ తర్వాత వీధుల్లోకి సైన్యం వచ్చింది. ఆ కంచె దగ్గర నిలబడ్డవాళ్లలో ఇద్దరు ఇంటికి తిరిగి రాలేదు. దానిమీద నేను హాస్యం రాయలేను, రాయను కూడా. అమ్మ బియ్యం సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను అత్త దగ్గర పప్పు రుబ్బాను, తన్లిన్ పడవల మీద టికెట్లు చింపాను, ఆ తర్వాత బస్సు నడిపాను. పెద్ద జట్టు నన్ను మళ్లీ పిలవలేదు. ఎవరైనా అడిగితే, “ఏం చెయ్యను, మా ఇటలీవాడు నేర్పిన పని,” అని చెప్పేవాణ్ణి. వాడి పేరు చెప్పుకుంటే నాకు చాలా బరువు తగ్గేది.

చాలా ఏళ్లకి మా ఊళ్లోకి ఫోన్లు వచ్చాయి. తలుపుగాడి కూతురు ఒకరోజు ఫోను పట్టుకుని, “బాబాయ్, మీ ఇటలీ ఆయన ఈయనేనా?” అంది. వాడే. పదహారో ఏట కొండపల్లెలో మొదలు. అక్కణ్ణుంచి రేవుపట్నం, అక్కణ్ణుంచి మోస్తరు పట్నం, చివరికి మహానగరం, కప్పు, బట్టతల. పిలిచిన ప్రతిసారీ సంచీ సర్దుకుని పైకి వెళ్లాడు. ఏ ఓడవాడో పదేళ్లు దాచిన కట్టలో కొత్త పత్రిక పైనా, పాతది అడుగునా ఉన్నాయి. అత్త పైనుంచి తీసింది. మేము వాడి బతుకుని తల నుంచి కాళ్లకి చదువుకున్నాం. తలుపుగాడు నెత్తిమీద చేతులు పెట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు. “ఒరే, ఒక ఎదవ జుట్టు సూసి ఉజ్జోగాలు పోగొట్టుకున్నామురా,” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే సంచౌంగ్ వెళ్లాను. అత్త అప్పటికి ఎనభై దాటి అక్కడ కూతురింట్లో ఉంటోంది. నీ కట్ట మూలంగా ఇంత జరిగిందని చెడామడా అనేద్దామని వెళ్లి, అంతా చెప్పాను. ఆవిడ కిళ్లీ నములుతూ విన్నది.

“ఆడు దిగనేదా?”

“నేదత్తా. ఎక్కాడు.”

“ఒక్కసారి కూడా?”

“ఒక్కసారి కూడా దిగనేదు.”

అత్త కిళ్లీ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకుంది. “మరి ఆయేల గేటు దిగినోడు ఎవుడురా?” అంది.

“నానే, అత్తా,” అన్నాను. అన్నేళ్లలో ఆ మాట నేను పైకి అనడం అదే మొదలు. తిరుగు బస్సులో కూర్చుని, చిరిగిన నిక్కరుతో ఇనప ముల్లుకి వేలాడుతూ గింజుకుంటున్న ఆ ఇరవై ఏళ్ల వెర్రివెంగళప్పని తలుచుకున్నాను. వాడిమీద నాకెప్పుడూ లేనంత ముద్దొచ్చింది.