అమ్మ చేతిమీద రాని వాపు

క్షయ పరీక్ష సూది వేసిన మూడో రోజు నా డైరీలో రెండు పంక్తులున్నాయి. "అక్కకు వాపు పద్నాలుగు మిల్లీమీటర్లు. అమ్మకు లేదు, సంతోషం." ఆ చివరి మాట చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

అది మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది. సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో నేను ఆఫీసు గుమాస్తాను. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాలకు తిండి చేరకుండా తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ మూలంగా, మా లైన్ల చుట్టూ, అంటే కూలీల ఇళ్ల వరసల చుట్టూ, ముళ్లకంచె ఉండేది. గేటు దాటాలంటే కాగితం కావాలి. బియ్యం కొలిచి ఇచ్చేవారు, అమ్మ తన వాటాలో సగం మా కంచాల్లోకి తోసేది. ఆర్నెల్లుగా దగ్గుతూ చిక్కిపోయింది.

తెల్లవారుజామున కూలీల హాజరు తీసే పెరట్టులోనే, తోట ఆసుపత్రిలో డాక్టరు బదులు వైద్యం చూసే డ్రెస్సరు అందరి చేతులూ చూశాడు. నేను స్కేలుతో కొలిచి పట్టీలో ఎక్కించాను. వాపు వస్తే రోగి, రాకపోతే ఆరోగ్యవంతుడు. అతని లెక్క అంతే. అక్క చేయి చూడగానే పక్కనున్నవాళ్లు రెండడుగులు జరిగారు.

పట్నంలో ఎక్స్‌రేకు ఆ వారం మా ఇంటికి ఒకే కాగితం. అమ్మను పంపమని అక్క పట్టుబట్టింది.

"దగ్గేది అమ్మ, నాను కాదు," అంది.

డ్రెస్సరు నవ్వాడు. "నువ్వు డాక్టరమ్మవేటి? సెయ్యి సెప్తాది లా," అన్నాడు, మలయావాళ్ల "లా" చివర తగిలించి.

అమ్మ తన చేయి చాపి చూపించింది. "నున్నగా ఉంది కదే. నాకేటైంది? నువ్వెల్లు."

కాగితం మీద అక్క పేరు రాసింది నేనే.

అక్క ఎక్స్‌రేలో ఏమీ లేదు. అమ్మకు కూడా ఒక కాగితం కావాలని అడగబోతే, డ్రెస్సరు నా దస్తూరీతో ఉన్న పట్టీనే నా ముందు పెట్టాడు. మూడు వారాల తర్వాత అమ్మ రక్తం కక్కింది. అప్పుడు గంటలో కాగితం వచ్చింది. మెర్డెకా జెండా ఎగరడానికి నెలరోజుల ముందు అమ్మ పట్నం ఆసుపత్రిలో పోయింది.

సైబర్‌జయలో డాక్టరు చదువు చదివే నా మనవరాలు ఈ మధ్య విషయం విడమరిచి చెప్పింది. రొమ్ము ఎముక వెనక థైమస్ గ్రంథిలో తయారై వచ్చే టి కణాలు ఒకసారి ఎదుర్కొన్న క్రిమిని గుర్తుపెట్టుకుంటాయట. క్షయ క్రిమి సారాన్ని చర్మంలోకి ఎక్కిస్తే, ఆ గుర్తున్న కణాలు రెండు మూడు రోజుల్లో అక్కడ పోగై గట్టి వాపు తెస్తాయి. క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే దానర్థం, ఇప్పుడు రోగం ఉందని కాదు. రోగం ముదిరి, తిండిలేక క్షీణించిన ఒంట్లో ఆ కణాలు స్పందించలేకపోవచ్చు. అప్పుడు చేయి నున్నగానే ఉంటుంది.

అమ్మ చేయి అలాంటిది.

టి కణాల సంగతి ఆనాడు ఎవరికీ తెలియదు. అందుకు డ్రెస్సరును తప్పుపట్టను. కానీ దగ్గు వినడానికి టి కణాలు తెలియాలా? ఎదురుగా నిలబడి ఎముకలు లెక్కపెట్టుకోగలిగేంత చిక్కిన మనిషిని వదిలేసి, ఆమె మోచేతి కింద నాలుగంగుళాల చర్మాన్ని నమ్మాడు. పట్టీలో దగ్గుకు గడి లేదు. గడి గీసిన గుమాస్తాను నేను. పక్కగదిలో ప్రతి రాత్రీ విన్నవాణ్ణి కూడా నేనే.

నిన్న ఆ పాత డైరీ తీసి, "సంతోషం" కింద కలంతో ఇంకో పంక్తి చేర్చాను. "అమ్మకు దగ్గు, ఆర్నెల్లుగా. రాయలేదు."